అనంతపురంలో బండిల్లు: తూకం చీటీలతో సహా ప్రాజెక్టు డైరీ

పాత వ్యాన్‌ను లోపలే వండుకుని పడుకునేలా ఇల్లుగా మార్చుకున్నాం, అదే ఈ బండిల్లు. ఎందుకు మొదలుపెట్టామో ఇక్కడ రాయను. రిటైరైన ఇద్దరు బండి వేసుకుని ఊళ్లు తిరగాలనుకోవడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. పని ఎక్కడ చెడింది, ఏది ఎందుకు మార్చాం, ఎంత బరువైంది, ఎంత ఖర్చైంది, ఇవి రాస్తున్నా. నేను బడిలో ఫిజికల్ సైన్సు చెప్పినదాన్ని కాబట్టి కొలతలు నావి. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు కాబట్టి రెంచీ, గ్రైండరూ ఆయనవి. వెల్డింగు మాత్రం బళ్లారి రోడ్డు పక్క షెడ్డులో భాయ్ చేతి పని.

ముందే చెప్పాల్సినవి రెండు. ఆయన ఇన్సులిన్ వేసుకుంటారు. నా కుడి మోకాలు అరిగింది. బండిలో ఏది ఎక్కడుండాలో చాలావరకు ఈ రెండే తేల్చాయి. వయసులో ఉన్నవాళ్లు ఇదే కొలతలతో కట్టుకుంటే కొన్ని వాళ్లకు అనవసరం అనిపిస్తాయి.

స్టేజీ 0: బండి, కాగితాలు

సెకండ్‌హ్యాండ్ టెంపో ట్రావెలర్, డీజిల్, చక్రాల మధ్య దూరం 3,350 మి.మీ. ధర 4,60,000. క్లచ్ ప్లేట్లు, నాలుగు టైర్లు, బ్రేకు లైనింగులకు ఇంకో 68,000.

రంపం పట్టుకునేముందు చదవాల్సింది చట్టం. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు మారేలా బండిలో ఏం చేయాలన్నా అనుమతి ఉండాలి. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడు వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. సీట్లు పీకి మంచం వేస్తే సీట్ల సంఖ్య మారినట్టే. మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. ఆర్టీవో ఆఫీసుకు పోయేముందు దాన్ని తిరగేసి పోతే అక్కడ మాట్లాడేది అర్థమవుతుంది.

అందుకని మేం పెట్టుకున్న కట్టుబాట్లు:

1. చాసిస్ (బండి అడుగు చట్రం) కోయం, దానికి వెల్డింగు పెట్టం. లోపలి ఫ్రేమంతా సీట్ల పాత బోల్టు రంధ్రాలకే బిగించాలి.
2. పైకప్పు ఎత్తు పెంచం. ముందే ఉన్న హ్యాచ్ (కప్పులో తెరుచుకునే మూత) దగ్గరే ఫ్యాను.
3. కిటికీలు కంపెనీవే.

లైసెన్సు సంగతి: 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మా ఆయనకు హెవీ లైసెన్సు ఎట్లాగూ ఉంది. ఈ తీర్పు వల్ల బలం వచ్చింది నాకు. 55 దాటాక రెన్యువల్ ఐదేళ్లకోసారి అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

సీట్లు తీసేశాక వేబ్రిడ్జి మీద: 2,240 కిలోలు. మా ఆర్సీలో మొత్తం బరువు హద్దు 3,500. సామాను, నీళ్లు, మనుషులతో కలిపి 3,000 దాటకూడదని మేం గీత గీసుకున్నాం. ప్రతి స్టేజీ అయ్యాక వేరుశెనగ మిల్లు కాటాకు పోయి చీటీ తెచ్చుకునేవాళ్లం. మూడోసారికి కాటా అబ్బాయి "అమ్మా, శెనక్కాయలు యాడ?" అన్నాడు.

*లెక్క: ఖర్చు 5,28,000. బరువు 2,240.*

స్టేజీ 1: ఎండ

ఈ జిల్లాలో బండిల్లు కట్టేవాళ్లకు అసలు శత్రువు ఎండ. చలి దేశాలవాళ్ల వీడియోలు చూసి చేస్తే లాభం లేదు. వాళ్లు వేడిని లోపల పట్టి ఉంచడానికి చేస్తారు, మనం రానివ్వకుండా ఆపాలి.

మే నెలలో మధ్యాహ్నం రెండున్నరకు, నీడలేని వీధిలో నిలబెట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిచా. నీడలో గాలి 41 డిగ్రీలు. కప్పు రేకు బయట 67, లోపల 62. లోపలి గాలి 52.

మొదట గాజు ఉన్ని (గ్లాస్ వూల్) నింపాం. తాడిపత్రి రోడ్డులో ఒక తిరుగుడు తిరిగొచ్చేసరికి గోడల్లో అది కిందికి జారి పైన జానెడు ఖాళీ వచ్చింది. చేతులు, మెడ ఒకటే దురద. అంతా పీకేశాం. థర్మోకోల్ ముక్క పెట్టి చూస్తే రేకుకు రాసుకుని కీచుమంటోంది, రాత్రి అటు ఇటు పొర్లినా వినిపిస్తుంది.

చివరికి 25 మి.మీ. ఎక్స్‌ఎల్‌పీఈ ఫోమ్ (వేడిని ఆపే ప్లాస్టిక్ నురుగు షీటు). దాన్ని రబ్బరు జిగురుతో అంటించాం. మార్చిలో అంటించింది ఏప్రిల్ ఆఖరుకల్లా దోమతెరలా వేలాడింది. డబ్బా మీద రాసిన వేడి హద్దు కన్నా మా కప్పు రేకు ఎక్కువ కాలుతోంది, ఇంక జిగురేం నిలబడుతుంది? జిగురు పూర్తిగా మానేసి ఇట్లా చేశాం:

1. కప్పు దూలాల మధ్య కొలతకు 5 మి.మీ. ఎక్కువ కోసి ఫోమ్ ఇరికించాలి.
2. పైన 20 మి.మీ. అల్యూమినియం పట్టీలు అడ్డంగా, 40 సెం.మీ.కి ఒకటి, దూలాలకు పాప్ రివెట్లతో.
3. పట్టీల మీద 4 మి.మీ. ప్లై, స్క్రూలతో. లోపల వైరు చూడాలంటే విప్పుకోవచ్చు.
4. బయట కప్పుకు వేడి తిప్పికొట్టే తెల్ల పెయింటు, రెండు పూతలు (వేసింది అన్నిటికన్నా ముందు ఇదే).

పనిలో పనిగా ప్రతి దశలోనూ కొలిచాను. పెయింటు ఒక్కదానికే కప్పు బయట 67 నుంచి 51కి, లోపలి గాలి 52 నుంచి 47కి దిగాయి. ఫోమ్, ప్లై చేరాక గాలి 44. హ్యాచ్‌లో ఫ్యాను తిప్పితే 42. చేతిలో డబ్బు తక్కువుంటే పెయింటుతో మొదలుపెట్టండి, ఖర్చు చేసిన రూపాయికి ఎక్కువ డిగ్రీలు దిగింది దానితోనే.

బయట 41 ఉంటే ఫ్యానుతో 41 కిందికి రావడం కుదరదు. ఏసీ లెక్క వేశా: ముప్పావు టన్ను ఏసీ 750 వాట్లు తాగితే మా బ్యాటరీ రెండున్నర గంటలు. వదిలేశాం. దాని బదులు చిన్న కూలర్, 50 వాట్లు. మన గాలి పొడిది కాబట్టి కూలర్ పనిచేస్తుంది. కిటికీ కాస్త తెరిచి పెడితే లోపల 35. నెల్లూరు వైపు సముద్రం గాలిలో ఇది దండగ. కూలర్ గంటకు 3 లీటర్లు తాగుతుంది. ఆ నీళ్ల లెక్క స్టేజీ 4లో తేలింది.

*లెక్క: ఖర్చు 34,500, మొత్తం 5,62,500. బరువు +125, మొత్తం 2,365.*

స్టేజీ 2: మంచం, అల్మారాలు (రెండుసార్లు)

మొదటిసారి వడ్రంగి 18 మి.మీ. ప్లైతో ఇంట్లో కప్‌బోర్డులు చేసినట్టే చేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కాటా మీద 210 కిలోలు పెరిగింది. ఇంకా బ్యాటరీ లేదు, నీళ్లు లేవు, పొయ్యి లేదు, అప్పటికే 2,575. పైగా బిగింపులన్నీ గోడకు కొట్టే స్క్రూలు. గుంతల రోడ్డులో తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, కందిపప్పు డబ్బా నా ఒళ్లో పడింది.

"మళ్ల పీకాల్నా?" అన్నారు మా ఆయన.

"కాటా చెప్తాంది, నేను కాదు" అన్నా.

రెండో రూపం: 25 మి.మీ. అల్యూమినియం చదరపు పైపు ఫ్రేము, 6 మి.మీ. ప్లై పలకలు. తలుపులకు మాగ్నెట్లు పనికిరావు, గొళ్లెమే పెట్టాలి. పప్పు, బియ్యం, నూనె లాంటి బరువైనవన్నీ మంచం కిందికి. తలపైన అల్మారాలో బట్టలు, దుప్పట్లు మాత్రమే. బరువు 95. అంటే 115 కిలోలు మిగిలాయి. 18 మి.మీ. పలకలు మా చెల్లెలి వంటింట్లో అల్మారా అయ్యాయి.

మంచం దిశ కూడా మారింది. అడ్డంగా డబుల్ మంచం వేస్తే జాగా కలిసొస్తుందని అందరూ చెప్తారు. ఫోమ్, ప్లై పోగా లోపలి వెడల్పు 170 సెం.మీ., ఆయన ఎత్తు 173. కాళ్లు ముడుచుకుని పడుకోవడం ఒక బాధ. రాత్రి రెండుసార్లు లేచే మనిషి ఇంకొకరి మీదుగా పాకడం రెండో బాధ. అందుకే నిలువుగా రెండు సింగిల్ మంచాలు, ఒక్కోటి 185 × 62, మధ్యలో 46 సెం.మీ. దారి. మంచం ఎత్తు పరుపుతో 52 సెం.మీ. మొదట 43 పెట్టాం. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు ఇంట్లో తాము సులువుగా లేవగలిగే కుర్చీ ఎత్తు కొలుచుకుని అదే పెట్టుకోండి.

*లెక్క: ఖర్చు 41,000 + 38,000, మొత్తం 6,41,500. బరువు (రెండో రూపంతో) 2,460.*

స్టేజీ 3: కరెంటు

ఈ స్టేజీ పొడుగు. ఇన్సులిన్ ఫ్రిజ్ దీనిమీదే ఆధారపడింది కాబట్టి తప్పదు.

రోజు వాడకం, క్లాంప్ మీటరుతో కొలిచినవి, వాట్-గంటల్లో:

- 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్: 650 (బయట 40 డిగ్రీలున్నప్పుడు)
- రెండు చిన్న ఫ్యాన్లు: 240
- కూలర్ 5 గంటలు: 250
- ఫోన్లు 60, లైట్లు 40, నీళ్ల పంపు 20
- మిక్సీ 5 నిమిషాలు: 42

మొత్తం 1,302.

ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే రెండు ట్యూబులర్ బ్యాటరీలతో మొదలుపెట్టాం, ఉన్నవే కదా అని. రెండూ కలిపి 110 కిలోలు. కుదుపులకు మూతల దగ్గర యాసిడ్ చిమ్మింది. ఛార్జి అయ్యేటప్పుడు వాటి నుంచి హైడ్రోజన్ వస్తుంది, మేం పడుకునేది వాటి పైనే. పైగా సగం కన్నా కిందికి దింపితే వాటి ఆయుష్షు పోతుంది. ఇంటికే తిరిగి పంపాం. వాటి బదులు 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 200 ఆంపియర్-గంటలు. అంటే 2,560 వాట్-గంటలు, 80 శాతం వాడుకున్నా 2,048. బరువు 24 కిలోలు. ఎండ లేకపోయినా ఒకటిన్నర రోజు లాగుతుంది.

ఫ్రిజ్ ఆగిన కథ. తెల్లవారుజామున ఫ్రిజ్ ఎర్రలైటు. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.8 వోల్టులు, నిక్షేపంగా ఉంది. ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర పెడితే 11.4. పంపు తిరుగుతుండగా కంప్రెసర్ లేచే క్షణంలో 10.9. ఫ్రిజ్‌లో బ్యాటరీని కాపాడే సెట్టింగు 'హై'లో ఉంది, ఆ వోల్టేజికి అది తనంతట తాను ఆగిపోతుంది.

లెక్క చూడండి. 2.5 చ.మి.మీ. రాగి వైరు మీటరుకు దాదాపు 0.007 ఓములు. ఫ్రిజ్ 6 మీటర్ల దూరం, పోను రాను 12 మీటర్లు, 0.084 ఓములు. ఒకే లైను మీద ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, పంపు కలిస్తే 13 ఆంపియర్లు. 13 × 0.084 అంటే 1.1 వోల్టు వైరులోనే పోయింది. మిగతాది సిగరెట్ లైటర్ సాకెట్టు మింగింది. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12లో పోతే ఫ్రిజ్ ఆగుతుంది. ఇంటి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్‌తో ఈ పని చేయించేవాళ్లు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి.

మార్చింది:

1. ఫ్రిజ్‌కు విడిగా 6 చ.మి.మీ. లైను, బ్యాటరీ బస్‌బార్ (వైర్లన్నీ కలిసే రాగి పట్టీ) నుంచి నేరుగా, 15 ఆంపియర్ల ఫ్యూజుతో.
2. లైటర్ సాకెట్టు తీసేసి స్క్రూ టెర్మినల్.
3. లగ్గులు (వైరు చివర తొడిగే లోహపు తొడుగులు) పట్టకారతో నొక్కడం మానేసి క్రింపింగ్ టూల్ కొన్నాం. లాగితే ఊడకూడదు.
4. ఫ్రిజ్ సెట్టింగు 'లో'. బ్యాటరీని కాపాడుకోవడానికి దాని బీఎంఎస్ (బ్యాటరీలోనే ఉండే కాపలా సర్క్యూట్) దానికుంది.

ఇప్పుడు ఫ్రిజ్ నడుస్తుండగా తేడా 0.2 వోల్టులు.

ఫ్రిజ్ లోపల కనిష్ఠం-గరిష్ఠం గుర్తుపెట్టుకునే థర్మామీటరు పెట్టా. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తెర మీద 4 చూపిస్తుంటే అడుగున పలక దగ్గర మైనస్ 1 వచ్చింది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు, పారేయాల్సిందే. మందు ఇప్పుడు మధ్యలో వేలాడే ప్లాస్టిక్ బుట్టలో ఉంటుంది, అక్కడ 4 నుంచి 6. తెర మీద అంకె నమ్మొద్దు.

బ్యాటరీ వేడి. కుడి మంచం కింద పెట్టాం, దానికింద సైలెన్సర్ గొట్టం. రెండు గంటలు నడిపాక బ్యాటరీ పెట్టె 47 డిగ్రీలు. మా బ్యాటరీకి ఛార్జింగ్ హద్దు 45. ఎడమవైపుకు, తలుపు వెనక్కి మార్చాం. దీనివల్ల ఇంకో లాభం కూడా వచ్చింది, కింద రాస్తా.

సోలార్. 180 వాట్లవి రెండు. వేడెక్కితే ప్యానెల్ దిగుబడి తగ్గుతుంది, ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం. 360 వాట్ల ప్యానెళ్ల నుంచి నేను చూసిన గరిష్ఠం 275. ఎండకాలం మొదట్లో రోజుకు 1,400 వాట్-గంటల చుట్టూ. సమస్య ఎక్కడంటే, మనకు చెట్టు నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి. చింతచెట్టు కింద ఆపిన రోజు 300 కూడా రాలేదు. ఒక ప్యానెల్‌ను నాలుగు రెక్కల నట్లతో విప్పేలా చేసి, 8 మీటర్ల వైరుతో నేలమీద ఎండలో ఆనించేలా మార్చాం. నీడలో మేం, ఎండలో అది. నట్లు విప్పేది నేనే, ఆయనకు నిచ్చెన ఎక్కనివ్వను.

బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్. నేరుగా కలిపితే లిథియం ఎంతిస్తే అంత లాగి ఆల్టర్నేటర్‌ను కాలుస్తుంది.

*లెక్క: లిథియం 58,000, ప్యానెళ్లు 15,000, సోలార్ ఛార్జి కంట్రోలర్ 9,000, ఇన్వర్టర్ 9,000, డీసీ ఛార్జర్ 14,000, వైర్లు-ఫ్యూజులు-టూల్ 8,500. మొత్తం 7,55,000. బరువు +70, మొత్తం 2,530.*

స్టేజీ 4: నీళ్లు, పొయ్యి

100 లీటర్ల ట్యాంకు వెనక తలుపు దగ్గర పెట్టాం, నింపడానికి సులువని. నిండాక గంటకు 80 కి.మీ.లో స్టీరింగ్ తేలిపోతోందని ఆయన అన్నారు. కాటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూచాం. ఖాళీ ట్యాంకుతో ముందు 1,150. నిండుగా ఉంటే 1,120. బరువు వంద పెరిగితే ముందు ముప్పై తగ్గింది! ట్యాంకు వెనక ఇరుసుకు మీటరు వెనక ఉంది. ఇరుసు ఆధారంగా ముందుభాగం పైకి లేస్తోంది. బడిలో లివర్లు చెప్పేటప్పుడు ఈ చీటీ నా దగ్గర ఉంటే బాగుండేది.

ట్యాంకు రెండు ఇరుసుల మధ్యకు, నేలకు ఆనించి, 70 లీటర్లకు తగ్గించి పెట్టాం. ముందు చక్రాలు 1,160.

ఎడమ-కుడి తేడాకు కాటా అక్కర్లేదు, టేపు చాలు. చదును నేలమీద చక్రం పైనున్న వంపు ఎత్తు రెండుపక్కలా కొలవండి. వంటగట్టు, ఫ్రిజ్, ట్యాంకు కుడివైపు ఉండటంతో ఆ పక్క 20 మి.మీ. కిందికుంది. బ్యాటరీ, సామాను పెట్టె ఎడమకు వచ్చాక తేడా 6.

నీళ్ల వాడకం, ఇద్దరికి రోజుకు, లీటర్లలో: తాగడానికి 6, వంటకు 5, గిన్నెలకు 9, చేతులు-ముఖం 10, టాయిలెట్‌కు 5. మొత్తం 35. అంటే ట్యాంకు రెండు రోజులు. బండిలోనే స్నానం చేస్తే ఇంకో 20, కూలర్ ఐదు గంటలు తిరిగితే 15, ట్యాంకు ఒక్కరోజే. గిన్నెలకు మొదట్లో 18 అయ్యేది. కుళాయికి తుంపర నాజిల్ పెట్టాక సగమైంది. బోరు నీళ్ల సున్నం పంపు జల్లెడకు పేరుకుంటుంది, పది పదిహేను రోజులకోసారి నిమ్మ ఉప్పు నీళ్లలో నానేస్తున్నా. తాగే నీళ్లు వేరే క్యానులో, పై లెక్కలో మాత్రం అవీ కలిపేశా. మా జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే.

గ్యాస్: ఇంటి 14.2 కిలోల సిలిండర్ బండిలోకి తేవద్దు, అది ఇంటి చిరునామా మీద ఇచ్చేది. 5 కిలోలది పెట్రోలు బంకుల్లో చిరునామా కాగితం లేకుండా అమ్ముతారు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేలమీద పరుచుకుంటుంది. కాబట్టి:

1. సిలిండర్ పెట్టే అరకు కింది భాగంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, పైన ఉంటే లాభం లేదు.
2. గ్యాస్ అలారం నేలకు జానెడు ఎత్తులో.
3. బండి కదిలేముందు రెగ్యులేటర్ ఆఫ్. తాళంచెవి పక్కనే చీటీ అంటించాం.
4. సబ్బునీళ్ల పరీక్ష ప్రతి ప్రయాణానికి ముందు.

పొయ్యికి అసలు పరీక్ష సంగటి. అన్నం, పప్పు కుక్కర్లో ఎట్లాగైనా అవుతాయి. సంగటి గెలికేటప్పుడు రెండుచేతుల బలం పడితే పొయ్యి జారింది, గట్టు కదిలింది, స్ప్రింగుల మీద బండే ఊగింది. కింద కూర్చుని కాళ్లతో గిన్నె పట్టుకుని గెలకడానికి నా మోకాలు ఒప్పుకోదు. భాయ్‌తో ఇనుప కుదురు చేయించి 55 సెం.మీ. ఎత్తున్న పలకకు బోల్టు చేశాం. గిన్నె అందులో దిగుతుంది, రెండు చెవులూ కొక్కేలకు ఆనుతాయి. నిలబడి, కొంచెం వంగి గెలకొచ్చు. బండి కింద రెండు జాకీలు కూడా పెట్టాలని ఆయన పట్టు. అవి 14 కిలోలు, నేను ఒప్పుకోలేదు.

*లెక్క: ఫ్రిజ్ 28,000, నీళ్ల సామాను 14,500, పొయ్యి-సిలిండర్ 6,000. మొత్తం 8,03,500. బరువు ఖాళీ ట్యాంకుతో 2,605, నిండితే 2,675.*

స్టేజీ 5: టాయిలెట్

దీని గురించి ఎవరూ వివరంగా రాయరు. అందుకే రాస్తున్నా.

పెట్టె టాయిలెట్, కింద 20 లీటర్ల మురుగు ట్యాంకు. కాగితం వాడేవాళ్ల లెక్కతో చేసింది. మనం నీళ్లు వాడతాం. చెంబుతో కడుక్కుంటే రెండో రోజు సాయంత్రానికి నిండిపోయింది. చేతిపంపు స్ప్రే సీసా పెట్టాక ఒక్కసారికి 350 మి.లీ. సరిపోతోంది. రాత్రులు మాత్రమే వాడాలని, పగలు బంకులు, సత్రాలు చూసుకోవాలని నియమం. ఇప్పుడు నాలుగు రాత్రులు వస్తోంది.

వేడికి ట్యాంకులో గ్యాసు పట్టి, మూత లాగగానే తన్నుకొచ్చింది. పక్కనుండే చిన్న గాలి మీట ముందు నొక్కి, తర్వాతే మూత తెరవాలి. ఖాళీ చేసేది సెప్టిక్ ట్యాంకున్న మరుగుదొడ్డిలో, అడిగి, బకెట్టు నీళ్లు పోసి. వంకల్లో, చెరువు గట్ల మీద పారబోసేవాళ్ల వల్లే బండివాళ్లను ఊళ్లలో ఆగనివ్వరు.

*లెక్క: టాయిలెట్ 11,000, హ్యాచ్ ఫ్యాను-కూలర్-కిటికీ తెరలు 22,000. మొత్తం 8,36,500. బరువు +20, మొత్తం 2,695.*

స్టేజీ 6: మెట్టు

నేల నుంచి బండి అడుగు 62 సెం.మీ. కంపెనీ మెట్టు 38 దగ్గర. ఆ 38 నాకు ఎక్కువ. స్ప్రింగుతో మడిచే మెట్టు కింద బిగిస్తే నేలకు 14 సెం.మీ.లో వేలాడుతూ స్పీడ్‌బ్రేకర్‌కు తగిలి వంగింది. తీసేశాం. 19 సెం.మీ. ఎత్తున్న చెక్కపీట, కాళ్లకు టైరు రబ్బరు, ఒక తాడు. దిగేముందు కిందికి వదలడం, ఎక్కాక తాడుతో లాక్కోవడం.

తలుపు పక్కన, రెండు మంచాల మధ్య, టాయిలెట్ దగ్గర బస్సులో పట్టుకునే కడ్డీలే పెట్టాం. పాత సామాను అంగట్లో దొరికాయి. మా ఆయన డ్యూటీలో ఉన్నట్టే తుడుస్తుంటారు.

*లెక్క: మెట్టు, కడ్డీలు, పరుపులు 19,500. ఆర్టీవో, ఇన్సూరెన్సు 24,000. మొత్తం 8,80,000. బరువు +25, మొత్తం 2,720. సామాను 90, మేమిద్దరం 130: రోడ్డెక్కే బరువు 2,940.*

18 మి.మీ. ప్లై, ట్యూబులర్లు, వంద లీటర్ల ట్యాంకు అట్లనే ఉంచి ఉంటే 3,150 దాటేది.

స్టేజీ 7: రోడ్డు పరీక్షలు

గండికోట: జమ్మలమడుగు నుంచి 15 కి.మీ. రాత్రి లోయ మీది గాలికి హ్యాచ్ మూత టపటపా కొట్టుకుంది. బండి ముక్కును గాలికి ఎదురుగా తిప్పి ఆపితే ఆగింది. డీజిల్ లీటరుకు 10.4 కి.మీ.

శ్రీశైలం: దోర్నాల వైపు నుంచి ఎక్కాం. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూస్తారు. సాయంత్రం ఆలస్యమైతే గేటు దగ్గరే పడుకోవాలి, అప్పుడు నీళ్ల ట్యాంకు నిండుగా ఉండటం మంచిది. దిగేటప్పుడు థర్మామీటరుతో బ్రేకులు చూశా. మూడో గేరులో బ్రేకు తొక్కుతూ వస్తే ముందు డిస్కులు 230 డిగ్రీలు. ఆగి చల్లార్చి, మిగతా ఘాటు రెండో గేరులో, ఇంజన్ పట్టు మీద దిగితే 150. వెనక వచ్చే బస్సులు హారన్ కొడతాయి, కొట్టనివ్వండి.

కోవెలకుంట్ల వైపు: నల్లరేగడి. వాన పడితే తారు రోడ్డు దిగొద్దు. దిగినవాళ్లం ట్రాక్టరు కోసం ఎదురుచూశాం. చక్రాల కింద కంది కట్టె పరిచినా పట్టలేదు. ఆ ట్రాక్టరాయన డబ్బు తీసుకోలేదు, బండి లోపల చూపించమన్నాడు. వాళ్ల అమ్మను కూడా పిలుచుకొచ్చాడు. ఆమె చూసింది కుదురు ఒక్కటే.

మిగిలిన పనులు

1. గిన్నెల నీళ్లు ఇప్పుడు 20 లీటర్ల క్యానులోకి పోతున్నాయి. పైపుకు వంపు లేక వాసన వస్తోంది, 'యూ' వంపు పెట్టాలి.
2. మార్చి సగం నుంచి జూన్ మొదటి వానల దాకా బండి షెడ్డులోనే. అప్పుడు లిథియంను 50-60 శాతం ఛార్జితో వదిలి, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచాలి.
3. మట్టిరోడ్డు మీద వెనక తలుపు సందుల్లోంచి ఎర్రదుమ్ము మంచాల దాకా వస్తోంది. హ్యాచ్ ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే దుమ్ము ఇంకా ఎక్కువ. మట్టిరోడ్డు రాగానే దాన్ని లోపలికి ఊదేలా తిప్పితే తగ్గింది. తలుపుకు కొత్త రబ్బరు బీడింగు వచ్చింది, ఆదివారం బిగిస్తాం.